జీతం ఎక్కువ, పని తక్కువ: షెర్లాక్ హోమ్స్ కథల్లో కొలువులు

షెర్లాక్ హోమ్స్ గురించి కొత్తగా చెప్పడానికి ఏం మిగిలింది అని మీరు అడగవచ్చు. పైపు, భూతద్దం, చెవులు కప్పే టోపీ - పుస్తకం తెరవని వాళ్ళకి కూడా ఆ బొమ్మ తెలుసు. సినిమాలొచ్చాయి, సీరియళ్ళొచ్చాయి, తెలుగు అనువాదాలూ వచ్చాయి. అన్నిట్లోనూ మన చూపు హోమ్స్ మీదే ఉంటుంది. ఈ వ్యాసంలో ఆయన్ని కాస్త పక్కన కూర్చోబెట్టి, ఆయన గది మెట్లెక్కి వచ్చినవాళ్ళని చూద్దామని నా ప్రయత్నం.

నేను మాట్లాడబోయేది హోమ్స్ కథల మొదటి సంపుటి, "ది అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్". లండన్ నుంచి వెలువడే "స్ట్రాండ్" పత్రికలో 1891 జూలై నుంచి 1892 జూన్ దాకా నెలకొకటి చొప్పున వచ్చిన పన్నెండు కథల్ని 1892 అక్టోబరులో పుస్తకంగా వేశారు. రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ వృత్తిరీత్యా డాక్టరు. 1891లోనే లండన్‌లో కంటి డాక్టరుగా బోర్డు పెట్టాడు. ఒక్క రోగి కూడా గుమ్మం తొక్కలేదని తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. సంపాదన కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో రాసినందువల్లనేమో, ఈ కథల్లో డబ్బు లెక్కలు చాలా కచ్చితంగా ఉంటాయి. ఎవరికి వారానికి ఎంత వస్తుంది, ఎవరి ఆస్తి మీద ఏడాదికి ఎంత రాబడి - పౌన్లూ షిల్లింగులతో సహా చెబుతాడు.

తెలుగు డిటెక్టివ్ నవలలు చదివి పెరిగినవాళ్ళకి ఈ పుస్తకం మొదట కొంచెం చప్పగా అనిపించవచ్చు. అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకున్నామంటే ఎక్కడో ఒక శవం లేకుండా ఉండదు. యుగంధర్, రాజు బయల్దేరాల్సిందే. ఈ పన్నెండు కథల్లో హత్య చుట్టూ తిరిగేవి మూడే: "బాస్కమ్ వ్యాలీ మిస్టరీ", "ఫైవ్ ఆరెంజ్ పిప్స్", "స్పెకిల్డ్ బ్యాండ్". మిగతా వాటిలో ఉన్నవి ఒక ఫొటో, ఒక పెద్దబాతు, ఒక కిరీటం, పెళ్ళి విందులోంచి మాయమైన ఒక పెళ్ళికూతురు లాంటి సంగతులు. ఆ మిగతా వాటిలోనే మూడు కథలు ఉద్యోగమిస్తామని పిలిచి చేసిన మోసాలు. ఇంకొకటి, తాను చేసే పనేమిటో ఇంట్లో చెప్పుకోలేని మనిషి కథ. పన్నెండింట నాలుగు. సౌదీలో కూర్చుని చదివేవాడికి ఈ నాలుగూ వేరేగా కనిపిస్తాయి.

మొదటిది "రెడ్ హెడెడ్ లీగ్". జేబెజ్ విల్సన్ లండన్‌లో చిన్న తాకట్టు కొట్టు నడుపుతుంటాడు. వ్యాపారం అంతంతమాత్రం. సగం జీతానికే పనిచేస్తానని వచ్చిన గుమాస్తా ఒకడున్నాడు. ఒకరోజు ఆ గుమాస్తాయే పేపర్లో ఒక ప్రకటన చూపిస్తాడు: ఎర్రజుట్టు ఉన్నవాళ్ళకి వారానికి 4 పౌన్ల కొలువు. విల్సన్ జుట్టు నిప్పు రంగు. కొలువు దొరుకుతుంది. పని ఏమిటయ్యా అంటే, పొద్దున పది నుంచి రెండు దాకా ఒక గదిలో కూర్చుని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాని చేత్తో ఎత్తి రాయడం. సిరా, కాగితం, కలం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. షరతు ఒక్కటే - ఆ నాలుగు గంటలూ గది వదిలి కదలకూడదు. ఎనిమిది వారాలు "ఏ" అక్షరంలోనే ఉండి రాస్తాడు పాపం. ఒకరోజు వెళ్ళేసరికి తలుపు మీద సంఘం రద్దయిందని కాగితం. అసలు సంగతి, విల్సన్ కొట్టు నేలమాళిగ నుంచి పక్కనున్న బ్యాంకులోకి సొరంగం తవ్వడానికి అతన్ని రోజూ నాలుగు గంటలు బయటికి పంపించాలి. అంతే. ఎర్రజుట్టుకీ ఎన్‌సైక్లోపీడియాకీ వేరే ప్రయోజనం లేదు.

రెండోది "ఇంజనీర్స్ థమ్". ఇంజనీరింగు చదివినవాడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టిన కథ ఇదే. విక్టర్ హేథర్లీ హైడ్రాలిక్ ఇంజనీరు. ఏడేళ్ళు అప్రెంటిస్‌గా చేసి, సొంతంగా ఆఫీసు పెట్టి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో వచ్చిన మొత్తం సంపాదన 27 పౌన్ల 10 షిల్లింగులు. అలాంటివాడి దగ్గరికి ఒక కల్నల్ వచ్చి, ఒక్క రాత్రి పనికి 50 గినీలిస్తానంటాడు. ఒక హైడ్రాలిక్ ప్రెస్ సరిగ్గా పనిచెయ్యడం లేదు, లోపమేమిటో చూసి చెబితే చాలు. ఎవరికీ చెప్పకూడదు, అర్ధరాత్రి రావాలి. హేథర్లీ వెళ్తాడు, లోపం పట్టుకుంటాడు కూడా - ఒక రాడ్ చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ కుంచించుకుపోయి, ఆ సందులోంచి నీళ్ళు కారుతూ ప్రెషరు పడిపోతోంది. అక్కడితో ఊరుకోకుండా, వాళ్ళు చెప్పిన పనికి ఇంత పెద్ద యంత్రం ఎందుకా అని అనుమానమొచ్చి నేల మీద గీకి చూస్తాడు. లోహపు పెచ్చులు! అది దొంగనాణేల కార్ఖానా. బొటనవేలు పోగొట్టుకుని ప్రాణాలతో బయటపడతాడు. అతనికి ఏడాది ముందు ఇదే పనికి వెళ్ళిన ఇరవై ఆరేళ్ళ ఇంజనీరు ఒకడు తిరిగి రానే లేదు.

మన వృత్తిలోని ఒక పెద్ద బలహీనతని డాయిల్ ఇక్కడ చక్కగా పట్టుకున్నాడు. యంత్రం ఎందుకు ఆగింది అనే ప్రశ్న మనకి వెంటనే వస్తుంది. ఆ యంత్రం ఎందుకు నడుస్తోంది అనే ప్రశ్న ఆలస్యంగా వస్తుంది. హేథర్లీకి అది ప్రెస్ లోపల నిలబడి ఉన్నప్పుడు వచ్చింది.

మూడోది "కాపర్ బీచెస్", సంపుటిలో ఆఖరి కథ. వయొలెట్ హంటర్ ఇళ్ళల్లో ఉండి పిల్లలకి చదువు చెప్పే గవర్నెస్. పాత యజమాని దగ్గర నెలకి 4 పౌన్లు. ఆయన కెనడా వెళ్ళిపోవడంతో పని పోయింది, దాచుకున్న డబ్బు అయిపోవస్తోంది. ఏజెన్సీలో ఒకాయన ఈమెని చూడగానే ఏడాదికి 100 పౌన్లు ఇస్తానంటాడు. షరతులు మాత్రం విచిత్రం: మేమిచ్చిన నీలం గౌను వేసుకోవాలి, చెప్పినచోట కూర్చోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి. జుట్టు దగ్గర కాదనేసి ఇంటికొస్తుంది. ఏజెన్సీ నడిపే ఆవిడకి కోపం - ఇంత మంచి అవకాశం వదులుకుంటే ఇంక నీకు పని ఎక్కడ చూపించను అంటుంది. తర్వాత ఆ పెద్దమనిషి 120 పౌన్లకి పెంచి ఉత్తరం రాస్తాడు. ఆ ఇంట్లో సొంత కూతుర్ని బంధించారు. ఆమె ఆస్తి పెళ్ళితో చెయ్యి దాటిపోతుందని తండ్రి భయం. కిటికీలో ఆ కూతురి పోలికలున్న అమ్మాయిని కూర్చోబెట్టి, రోడ్డు మీద నిలబడ్డ ఆమె ప్రియుణ్ణి నమ్మించడానికి ఈ "టీచరమ్మ" కావాలి.

మూడు కథల్నీ పక్కపక్కన పెడితే డాయిల్ సూత్రం బయటపడుతుంది. పనికి మించిన జీతం వస్తోందంటే, ఆ పైన వచ్చేది కాగితం మీద రాయని ఇంకోదానికి ధర. విల్సన్‌కి చోటు ఖాళీ చేసినందుకు ఇచ్చారు, హేథర్లీకి నోరు మూసుకున్నందుకు ఇస్తామన్నారు, వయొలెట్‌కి తన రూపు అరువిచ్చినందుకు ఇచ్చారు. హోమ్స్ మూడుచోట్లా చేసేది ఒకటే పని: ఆ అదనపు డబ్బు దేనికి అని అడగడం.

ఇది మన దగ్గర అడగాల్సిన ప్రశ్నే. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళతో ఒక శుక్రవారం మధ్యాహ్నం కూర్చుంటే ఇలాంటి కథలు హోమ్స్ కంటే ఎక్కువే వినిపిస్తాయి. వీసాలో డ్రైవరని ఉంటుంది, దిగాక మజ్రాలో మేకల దగ్గరికి పంపుతారు. "ఆజాద్ వీసా, ఎక్కడైనా చేసుకోవచ్చు" అంటారు, తీరా చూస్తే కఫీల్ దగ్గర కాకుండా ఇంకోచోట పనిచేస్తే చట్టం ఒప్పుకోదు. అకామా గడువు దాటితే ఖల్లివెల్లి అయిపోతాడు. 2013లో సౌదీ ప్రభుత్వం కాగితాలు సరిచేసుకోవడానికి గడువిచ్చినప్పుడు ఎంతోమంది మనవాళ్ళు అలాగే ఇంటిదారి పట్టారు. బెన్యామిన్ 2008లో మలయాళంలో రాసిన "ఆడుజీవితం" నవల, 2024లో వచ్చిన దాని సినిమా ఈ సంగతే చెప్పాయి.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాటవేస్తే పోలిక అబద్ధమవుతుంది. డాయిల్ కథల్లో ఎర వేసేవాడు డబ్బు ఖర్చుపెడతాడు. విల్సన్‌కి ముప్ఫై పౌన్ల పైనే ముట్టింది. వయొలెట్‌కి సగం జీతం ముందే ఇస్తానన్నారు. మన కథల్లో మోసపోయేవాడే అప్పు చేసి ఏజెంటుకి ముందు డబ్బు కడతాడు. విల్సన్ కోపమొస్తే కొట్టుకి తిరిగి వెళ్ళి కూర్చోగలడు. అప్పు చేసి వచ్చినవాడికి తిరిగి వెళ్ళడమే పెద్ద భయం, ఎందుకంటే అప్పిచ్చినవాడు ఊళ్ళోనే ఉన్నాడు. అందుకే మనవాళ్ళని ఆశపోతులు అనేసి ఊరుకోవడం నాకు నచ్చదు. డాయిల్ కూడా అలా అనలేదు. ఆయన పాత్రలు ముగ్గురూ ఆశపోతులు కారు. ఒకడికి వ్యాపారం పడిపోయింది, ఒకడికి పని లేదు, ఒకామెకి పొదుపు అయిపోయింది. ఆ ఎర పనిచేసేది ఇలాంటివాళ్ళ దగ్గరే.

"కాపర్ బీచెస్"లో ఇంకో సంగతి ఉంది. రైల్లో వెళ్తూ వాట్సన్ పల్లెల అందం చూసి మురిసిపోతుంటే హోమ్స్‌కి భయమేస్తుంది. పట్నం సందుల్లో ఒక పిల్ల ఏడిస్తే పక్కింటివాళ్ళు వింటారు, విడివిడిగా విసిరేసినట్టున్న ఈ ఇళ్ళల్లో ఏం జరిగినా వినేవాళ్ళెవరని ఆయన బాధ. ఎత్తైన ప్రహరీ గోడల మధ్య ఖద్దామా వీసా మీద పనిచేసే మన ఆడవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఈ మాట గుండెల్లో దిగుతుంది. అందరి ఇళ్ళూ అలాంటివని నేననను. సొంత మనిషిలా చూసుకునే ఇళ్ళున్నాయి. కానీ మంచి ఇంట్లో పడడం అదృష్టం మీద ఆధారపడితే దాన్ని భద్రత అనలేం. 2021 మార్చిలో ఇక్కడ వచ్చిన కార్మిక సంస్కరణలు కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి కొన్ని షరతుల మీద యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలిచ్చాయి. ఇంటిపనివాళ్ళకీ, ఇంటి డ్రైవర్లకీ, గొర్రెల కాపరులకీ, తోటమాలులకీ అవి వర్తించలేదు. వినేవాళ్ళు లేని చోట ఉన్నవాళ్ళే లెక్కలో లేకుండా పోయారు.

ఇక నాలుగో కథ "మ్యాన్ విత్ ది ట్విస్టెడ్ లిప్". నెవిల్ సెయింట్ క్లెయిర్ లండన్ దగ్గర మంచి ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న పెద్దమనిషి. రోజూ పొద్దున సిటీకి వెళ్ళి సాయంత్రం వస్తాడు. అక్కడ ఏవో కంపెనీల వ్యవహారాలు చూస్తాడని భార్య అనుకుంటుంది. నిజానికి అతను మొహానికి రంగు పూసుకుని వీధిలో అడుక్కుంటాడు. ఒకప్పుడు పత్రికలో విలేఖరి, వారానికి 2 పౌన్లు. ఒక వార్త కోసం ఒక్కరోజు బిచ్చగాడి వేషం వేస్తే 26 షిల్లింగుల 4 పెన్నీలు వచ్చాయి. తర్వాత 25 పౌన్ల అప్పు మీద పడినప్పుడు పదిరోజులు అదే చేసి తీర్చేశాడు. ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్ళబుద్ధి కాలేదు. అనుకోకుండా భార్య ఒక కిటికీలో అతన్ని చూడడంతో కథ మొదలవుతుంది. చివరికి, భర్తని చంపాడన్న అనుమానం మీద పోలీసులు పట్టుకున్న బిచ్చగాడు ఆ భర్తే. పిల్లలకి మచ్చ తేవడం కంటే ఉరికంబం ఎక్కడం మేలనుకుని నోరు విప్పలేదు.

ఈ కథని వింత వేషం కథగా చదివితే కాసేపు కాలక్షేపం. కానీ ఊరికి ఫోను చేసి "కంపెనీలో పని, ఏసీ రూము" అని చెప్పి, మళ్ళీ ఎండలోకి వెళ్ళే మనిషిని ఎరిగున్నవాళ్ళకి ఇది వింత కాదు. సెలవుకి వెళ్ళేముందు సెంటు సీసాలూ, పిల్లలకి బొమ్మలూ, అట్టపెట్టెకి చుట్టిన తాళ్ళూ - ఆ పెట్టె చెప్పే కథ ఒకటి, చేతులు చెప్పే కథ ఒకటి. కష్టం చెబితే ఇంట్లోవాళ్ళు కుంగిపోతారని దాస్తాడు, పరువు కోసం కూడా దాస్తాడు. భార్యని నమ్మి చెప్పి ఉంటే బాగుండేదని హోమ్స్ అతనికి ఒక్క ముక్కలో చెబుతాడు. సంపుటి మొత్తంలో హోమ్స్ ఇచ్చిన మంచి సలహాల్లో అదొకటి. అయితే భార్యకి నిజం తెలిసిన ఘట్టాన్ని డాయిల్ రాయలేదు. రాయాల్సిన ఘట్టం అదేనని నా అభిప్రాయం.

ఇక్కడే ఈ పుస్తకం మీద నా అసలు ఫిర్యాదు చెప్పాలి. హోమ్స్ మనిషి చేతుల్ని చూసి అతని పని చెప్పేస్తాడు. విల్సన్ కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే పెద్దగా ఉంది కాబట్టి ఒకప్పుడు ఓడల వడ్రంగిగా కండలు కరిగించాడంటాడు. "కేస్ ఆఫ్ ఐడెంటిటీ"లో మేరీ సదర్లండ్ గౌను చేతుల మీద పడ్డ గీతల్ని బట్టి టైపిస్టు అని పసిగడతాడు. కష్టపడ్డ శరీరాన్ని ఇంత శ్రద్ధగా చదివిన పాత్ర సాహిత్యంలో అరుదు. కానీ చిక్కుముడి విప్పడంతోనే ఆ శ్రద్ధ అయిపోతుంది. విల్సన్ కొలువు పోయింది, గుమాస్తా పోయాడు. ఆ తర్వాత అతనేమయ్యాడన్న ఊసే లేదు. హేథర్లీ తనకేం మిగిలిందని అడిగితే, అనుభవం మిగిలిందని హోమ్స్ నవ్వేస్తాడు. దొంగలు దొరకనే లేదు. మేరీ ఏడాదికి వచ్చే వంద పౌన్ల వడ్డీని ఇంటికే ఇచ్చేసి, తన ఖర్చులకి టైపింగు చేసుకుంటుంది. ఆ డబ్బు చెయ్యి జారకూడదని సవతి తండ్రే మారువేషంలో ప్రేమించినట్టు నటించి మాయమైపోయాడు. హోమ్స్‌కి అంతా తెలిసి కూడా ఆమెకి చెప్పడు. చెప్పినా నమ్మదంటాడు. అడగడానికి వచ్చిన మనిషికి జవాబు ఇవ్వకపోవడం నాకు న్యాయంగా అనిపించదు. వయొలెట్ సమస్య తీరిపోగానే ఆమె మీద హోమ్స్‌కి ఆసక్తి పోయిందని స్వయంగా వాట్సనే కాస్త నొచ్చుకుంటూ రాశాడు.

అంతకంటే పెద్ద లోటు ఒకటుంది. "ట్విస్టెడ్ లిప్"లో సెయింట్ క్లెయిర్ వేషం మార్చుకునే గది ఒక నల్లమందు కొంప పైన ఉంటుంది. దాన్ని నడిపేవాడు ఒక లాస్కర్. లాస్కర్లంటే తూర్పుదేశాల నుంచి, ముఖ్యంగా మన దేశపు రేవుల నుంచి వెళ్ళి బ్రిటిష్ ఓడల్లో తెల్ల నావికుల కంటే చాలా తక్కువ జీతానికి పనిచేసిన కూలీలు. అంటే ఈ పుస్తకంలో మనలాంటి వలసజీవి ఎవరైనా ఉంటే అతనే. కథలో అతనికి పేరు కూడా లేదు. దుర్మార్గుడని అందరూ అంటారు. కానీ అతను చేసిందేమిటో చూడండి. డబ్బు తీసుకున్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. సెయింట్ క్లెయిర్ రహస్యాన్ని పోలీసులకి కూడా చెప్పలేదు. అతనిచ్చిన ఉంగరం, భార్యకి రాసిన చీటీ కాజెయ్యకుండా, పోలీసులు కాపలా కాస్తుండగానే ఆమెకి చేరే ఏర్పాటు చేశాడు. ఆలస్యమైతే అయింది. ఈ కథలో నమ్మకంగా ఉన్న మనిషి అతనొక్కడే. విల్సన్ చేతిని చదివిన హోమ్స్ ఈ మనిషి చేతుల్ని ఒక్కసారి కూడా చూడలేదు.

డాయిల్‌కి తూర్పు దేశాలంటే ప్రమాదాలు దిగుమతి అయ్యే చోటు. "స్పెకిల్డ్ బ్యాండ్"లో కలకత్తాలో డాక్టరీ చేసి వచ్చిన దుర్మార్గుడు పాలు తాగే పాముని పెంచుతాడు. ఇండియా నుంచి తెప్పించిన బాబూన్ కోతి తోటలో తిరుగుతుంటుంది. ఇండియాలో బాబూన్లు ఎక్కడున్నాయి? ఆఫ్రికాలో ఉన్నాయి, ఇక్కడ తాయిఫ్ వెళ్ళే అల్ హదా ఘాట్‌రోడ్డు మీద మన పిల్లలు కారులోంచి చూసేవి అవే. 1903 నాటి "ఎంప్టీ హౌస్" కథలో హోమ్స్ తాను మక్కా కూడా చూసొచ్చానని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. జెద్దా నుంచి తాయిఫ్ వెళ్తూ ముస్లిమేతరుల కోసం వేసిన బైపాసు రోడ్డు పట్టుకునే కుటుంబాలకి అదెంత తేలికైన మాటో తెలుసు. ఈ దూరదేశాల్లో కూడా జీతం కోసం, ఇంటికి పంపే డబ్బు కోసం బతికే మనుషులున్నారని ఆ కథలకి తట్టలేదు.

ఇన్ని అన్నా, ఈ పుస్తకాన్ని పిల్లల చేత చదివించమనే చెబుతాను. పదో తరగతి పిల్లలకి ఇంగ్లీషులోనే సాఫీగా సాగుతుంది. పెద్దవాళ్ళు తెలుగులో చదువుకోవచ్చు. వరసలో కాకుండా ముందు "కాపర్ బీచెస్" ఇవ్వండి. ఈ నాలుగు కథల్లో తెలివిగా నడుచుకున్న మనిషి వయొలెట్ హంటర్. ఆమెకి కూడా డబ్బు అవసరమే, చివరికి ఆ కొలువుకి ఒప్పుకుంది కూడా. కానీ వెళ్ళకముందు ఎక్కడికి వెళ్తున్నదో, షరతులేమిటో బయటి మనిషి ఒకరికి పూర్తిగా చెప్పింది. అవసరమైతే టెలిగ్రాం ఇస్తే వస్తానని మాట తీసుకుంది. ఇచ్చింది, హోమ్స్ వచ్చాడు. అందుకే ఆమె బయటపడి, తర్వాత ఒక స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్ అయింది. మిగతావాళ్ళు జరిగాక వచ్చి చెప్పుకున్నారు.

మన ఊరి నుంచి ఎవరో ఫోను చేసి, "అన్నా, సౌదీ వీసా వచ్చింది, జీతం బాగుందంటున్నారు, మంచిదేనా?" అని అడగడం మనలో చాలామందికి అనుభవమే. మనం పనిలో ఉండి "జాగ్రత్త తమ్ముడూ" అని పెట్టేస్తాం. హోమ్స్ తెలివి మనకి అక్కర్లేదు. వీసా మీద రాసిన పని ఏమిటి, కఫీల్ ఎవరు, ఊరు ఏది, ఏజెంటుకి ఎంత కట్టావు, కట్టడానికి ఎక్కడ తెచ్చావు - ఈ ఐదూ అడిగి రాసి పెట్టుకుని, దిగిన వారంలో ఒకసారి మనమే ఫోను చేస్తే చాలు.